ఫ్రెండ్‌షిప్ స్టార్ క్విల్ట్: బెంగళూరు వర్క్‌షాప్ ప్రాజెక్టు డైరీ

కనకపుర రోడ్డు వైపు ఒక తోట ఇంట్లో జరిగిన క్విల్టింగ్ వర్క్‌షాప్‌లో కుట్టిన క్విల్ట్ (మూడు పొరలు కలిపి కుట్టిన దుప్పటి) లెక్క ఇది. అక్కడే ఉండటం, అక్కడే తినడం, పగలంతా కుట్టడం. మాకు ఇచ్చింది ఫ్రెండ్‌షిప్ స్టార్ అనే అమెరికన్ ప్యాటర్న్. సన్నగా, సమంగా, బిగువుగా నేసిన మిల్లు గుడ్డని దృష్టిలో పెట్టుకుని రాసిన కొలతలు. మేం తీసుకెళ్లినవి మంగళగిరి చేనేత, కలంకారీ, పాత చీరలు. ఆ అంకెలు ఈ గుడ్డలకి ఎక్కడ సరిపోయాయి, ఎక్కడ సరిపోలేదు, అప్పుడు ఏం మార్చాం అన్నదే ఈ డైరీ. మన గుడ్డతో కుట్టాలనుకునేవాళ్లు కత్తెర పెట్టకముందే చదివితే కనీసం ఒక మీటరు గుడ్డయినా మిగులుతుంది.

అనుకున్న క్విల్ట్

ఒడిలో కప్పుకునే సైజు. 9 అంగుళాల బ్లాకులు (చదరపు గళ్లు) అడ్డంగా 5, నిలువుగా 6, మొత్తం 30. అందులో 15 నక్షత్రం బ్లాకులు, 15 ఖాళీ బ్లాకులు, చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి. చుట్టూ 3 అంగుళాల బోర్డరు. పూర్తయితే 51 × 60 అంగుళాలు రావాలి.

- నక్షత్రం: ఎర్ర మంగళగిరి
- నక్షత్రం వెనక రంగు: హాఫ్‌వైట్ మంగళగిరి
- ఖాళీ బ్లాకులు: కలంకారీ, 1 మీటరు
- బోర్డరు, అంచు పట్టీ: ముదురు నీలం కాటన్
- మధ్య పొర: కాటన్ ఫ్లానెల్
- అడుగు గుడ్డ: పాత వెంకటగిరి చీర

గుడ్డలన్నీ చిక్‌పేటలో దొరికాయి. అక్కడ చాలా షాపుల్లో తెలుగులోనే బేరం ఆడుకోవచ్చు. దారాలు, పిన్నీసులు, సూదులు అవెన్యూ రోడ్డు దగ్గరి రాజా మార్కెట్లో కొన్నాం. మధ్య పొర కోసం అడిగితే ఎక్కువ షాపుల్లో పాలిస్టర్ వాడింగే (దూదిలాంటి పొర) చూపిస్తారు. జీఎస్ఎం నంబరుతో, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో చెప్పి అమ్ముతారు. తేలిగ్గా, పొంగుగా ఉంటుంది. కానీ చేనేత నేత కొంచెం వదులు కాబట్టి పాలిస్టర్ పీచు రాను రాను పైకి తేలుతుందని టీచర్ హెచ్చరించారు. పైగా బెంగళూరు చలికి అంత మందం అక్కర్లేదు. అందుకే ఫ్లానెల్ తీసుకున్నాం.

దశ 1: తడపడం, రంగు పరీక్ష

కుట్టడం మొదలుపెట్టకముందే మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది.

1. కొన్న గుడ్డ పొడవు కొలిచి కాగితం మీద రాయాలి.
2. గోరువెచ్చని నీళ్లలో విడివిడిగా నానబెట్టాలి.
3. తడిగా ఉన్నప్పుడే తెల్లగుడ్డ ముక్క మీద పెట్టి వేడి ఇస్త్రీ అదమాలి. తెల్లగుడ్డకి రంగు అంటితే మళ్లీ నీళ్లు మార్చాలి.
4. ఆరాక మళ్లీ కొలవాలి.

ఎర్ర మంగళగిరి రంగు వదిలింది. తెల్లగుడ్డ గులాబీ రంగు తేలింది. పక్కన హాఫ్‌వైట్ ఉండబోతోంది కాబట్టి దీన్ని వదిలేయడానికి వీల్లేదు. రాతి ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని బ్యాచ్‌లో చాలామంది అన్నారు. ఒకసారి అద్దకం పూర్తయిన గుడ్డకి ఉప్పు ఆ పని చేస్తుందని నమ్మడానికి లేదు. అదనంగా పట్టుకుని ఉన్న రంగు పోయేదాకా ఉతకడమే దారి. బకెట్లో నీళ్లు తేటగా వచ్చి, తెల్లగుడ్డ తెల్లగానే మిగిలేదాకా ఉతికాం. కలంకారీ ఏమీ వదల్లేదు. కలంకారీలో గుడ్డని ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టి, పటికతో అచ్చు వేసి, ఆ తర్వాత రంగునీళ్లలో ఉడికిస్తారు. పటిక పడిన చోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. అయితే కలంకారీ పేరుతో అమ్మే స్క్రీన్ ప్రింటు కూడా మార్కెట్లో బోలెడు ఉంది. చూపుతో తేల్చుకోకుండా దానికీ పరీక్ష చేయండి.

ఇక పొడవు. 1 మీటరు అంటే 39⅜ అంగుళాలు. ఉతికి ఆరేశాక కలంకారీ 37¾ అంగుళాలు ఉంది. నాలుగు శాతం పైగా కుదించుకుపోయింది. కుట్టులోకి పోయే అర అంగుళం కలిపి చదరం 9½ అంగుళాలు కోయాలి, 42 అంగుళాల పన్నాలో వరసకి 4 వస్తాయి. 15 చదరాలకి 4 వరసలు, అంటే 38 అంగుళాలు కావాలి. పావు అంగుళం తగ్గింది!

షాపు ఊళ్లో ఉంది, మేం ఊరి బయట ఉన్నాం. సర్దుబాటు ఇలా చేశాను. మూడు వరసలు పూర్తిగా కోస్తే 12 చదరాలు వచ్చాయి. మిగిలిన 9¼ అంగుళాల పట్టీని 8½కి తగ్గించి, దానికి 1½ అంగుళాల ఎర్ర పట్టీ జోడించాను. కుట్టులోకి రెండు వైపులా కలిపి అర అంగుళం పోతే సరిగ్గా 9½ వస్తుంది. ఆ మూడు బ్లాకులకీ ఒక వైపు ఎర్ర అంచు ఉంటుంది. వాటిని ఒకే చోట పెట్టకుండా క్విల్ట్ అంతా చెదరగొట్టాను. ఇప్పుడు చూస్తే నాకు ఆ మూడే ఎక్కువ నచ్చుతున్నాయి.

ఇప్పటి లెక్క: ఖాళీ చదరాలు 12, ఎర్ర అంచు కుట్టాల్సినవి 3. నక్షత్రాలు 0/15.

దశ 2: గంజి, కటింగ్

మంగళగిరి ఉతికాక మెత్తబడి స్కేలు కింద జారింది. చదరం కోస్తే నాలుగు మూలలూ నాలుగు దిక్కులకి పోయాయి. ప్యాటర్న్‌లో స్ప్రే స్టార్చ్ అని రాసి ఉంది. వంటింట్లో అన్నం గంజి ఉంటే దానితో పనేముంది? వడకట్టిన పల్చని గంజిలో ముంచి, నీడలో ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేశాం. గుడ్డ కాగితంలా నిలబడింది. ముసురు పట్టి ఆరడానికి చాలాసేపు పట్టింది, ఫ్యాను కింద దండెం కట్టాల్సి వచ్చింది. గంజి పెట్టిన గుడ్డని పురుగు ఇష్టపడుతుంది కాబట్టి క్విల్ట్ పూర్తయ్యాక తప్పనిసరిగా ఉతకాలి. మధ్యలో ఆపి నెలలపాటు బీరువాలో పెట్టే పనైతే గంజి వద్దు.

కోయడానికి 45 మిల్లీమీటర్ల రోటరీ కట్టర్ (చక్రంలా తిరిగే బ్లేడు ఉన్న కత్తి), కటింగ్ మ్యాట్, 24 అంగుళాల పారదర్శక స్కేలు. ఓల్ఫా కంపెనీ ఈ కట్టర్‌ని 1979లో తెచ్చింది. అంతకు ముందు క్విల్ట్ ముక్కలు ఎక్కువగా అట్టముక్క పెట్టి గీతలు గీసి కత్తెరతో కోసినవే.

వర్క్‌షాప్‌లో ఇచ్చిన కట్టర్లలో ఒకటి ప్రతిసారీ అక్కడక్కడ ఒక్కో పోగు కోయకుండా వదిలేసింది. గట్టిగా అదిమినా అంతే. ఆ వదిలిన చోట్ల మధ్య దూరం కొలిస్తే ప్రతిసారీ అయిదున్నర అంగుళాలే. 45 మిల్లీమీటర్ల చక్రం చుట్టుకొలత సుమారు 141 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అయిదున్నర అంగుళాలు. చక్రం ఒక్క చోట నొక్కుకుపోయి, తిరిగి ఆ చోటు వచ్చినప్పుడల్లా పోగు మిగిలిపోతోంది. బ్లేడు మార్చగానే పోయింది. మీ కట్టర్ వదిలేస్తుంటే ముందు దూరం కొలవండి. సమానంగా ఉంటే బ్లేడుకి నొక్కు. ఎక్కడపడితే అక్కడ వదిలేస్తే మ్యాట్ లోతుగా గాట్లు పడి ఉంటుంది, లేదా చేతి ఒత్తిడి సమంగా లేదు.

కోసే ముందు పోగు చూసుకోవాలి. చేనేతలో పేక (అడ్డంగా నేసే పోగు) ఒక్కోచోట ఏటవాలుగా ఉంటుంది. అంచుని నమ్మి కోస్తే చదరం ఉతికాక వంకరపోతుంది. ఒక పేక పోగుని లాగి, అది వదిలిన గీత వెంట మొదటి కోత కోశాం. ఆ తర్వాతే స్కేలు.

దశ 3: పావు అంగుళం పరీక్ష

క్విల్టింగ్ అంతా పావు అంగుళం కుట్టు, అంటే గుడ్డ అంచుకి పావు అంగుళం దూరంలో వేసే కుట్టు మీద నిలబడుతుంది. బ్లవుజు కుట్టేటప్పుడు ఒక దారం మందం అటూ ఇటూ అయినా సర్దుకుపోతుంది. ఇక్కడ ముప్ఫై బ్లాకుల్లో అదంతా కూడుతూ పోతుంది.

పరీక్ష సులువు.

1. 1½ అంగుళాల వెడల్పు పట్టీలు మూడు తీసుకోవాలి.
2. పావు అంగుళం కుట్టుతో పక్కపక్కన కుట్టాలి.
3. ఇస్త్రీ చేసి వెడల్పు కొలవాలి. మొత్తం 3½ రావాలి. మధ్య పట్టీ సరిగ్గా 1 అంగుళం ఉండాలి.

నా ముక్క 3⅜ వచ్చింది. రెండు కుట్లలో ⅛ అంగుళం మాయం. కుట్టు గీత కొలిస్తే పావు అంగుళమే ఉంది! మరి తేడా ఎక్కడిది? మడతలోది. కుట్టు ఒక వైపుకి పడుకోబెట్టినప్పుడు గుడ్డ మందం కొంత వెడల్పుని తినేస్తుంది. మిల్లు గుడ్డలో అది తక్కువ. మంగళగిరి మందంగా ఉండటంతో కుట్టుకి పదహారో వంతు పోయింది. ఒక్కో నక్షత్రం బ్లాకులో అడ్డంగా రెండు కుట్లు ఉంటాయి కాబట్టి బ్లాకు 9½కి బదులు 9⅜ వస్తుంది. పక్కన కలంకారీ చదరం 9½ ఉంటుంది. ప్రతి జోడింపులోనూ ముడత తప్పదు.

మార్పు: సూదిని ఒక గీత కుడికి జరిపి, అడుగు పళ్లెం మీద దెబ్బలకి వేసే ప్లాస్టర్ టేపు అతికించి హద్దు పెట్టుకున్నాను. సూది స్థానం మారని మిషన్ అయితే టేపు ఒక్కటి చాలు. మళ్లీ కుట్టి కొలిచాను. 3½.

మిషన్ సూది 14 నంబరు. 11తో మొదలుపెట్టినవాళ్లకి నాలుగు పొరలు కలిసే చోట కుట్లు తప్పాయి. కుట్టు పొడవు రెండు మిల్లీమీటర్లకి కొంచెం పైన పెడితే విప్పాల్సి వచ్చినప్పుడు గుడ్డ చిరగదు.

దశ 4: త్రిభుజాలు

నక్షత్రం బ్లాకులో తొమ్మిది గళ్లు. మధ్యలో ఎర్ర చదరం, నాలుగు మూలల్లో హాఫ్‌వైట్ చదరాలు, నాలుగు పక్కల సగం ఎరుపు సగం తెలుపు త్రిభుజాల చదరాలు. ఆ నాలుగూ చేసే పద్ధతి:

1. ఎర్ర చదరం, హాఫ్‌వైట్ చదరం ఒకదాని మీద ఒకటి పెట్టాలి, మంచి వైపులు లోపలికి.
2. మూల నుంచి మూలకి పెన్సిల్ గీత.
3. గీతకి అటూ ఇటూ పావు అంగుళం దూరంలో రెండు కుట్లు.
4. గీత వెంట కోస్తే రెండు చదరాలు వస్తాయి.

ప్యాటర్న్ 3⅞ అంగుళాల చదరాలు కోయమంది. లెక్క ప్రకారం 3½ రావాలి. మా టేబుల్ మీద ఉన్నవన్నీ 3½కి పదహారో వంతు తక్కువే వచ్చాయి. మళ్లీ ఆ మడత మందమే. తక్కువ వచ్చినదాన్ని పెంచలేం. అందుకే మిగతావన్నీ 4 అంగుళాలకి కోసి, కుట్టాక స్కేలు ఏటవాలు గీతని కుట్టు మీద పెట్టి 3½కి చెక్కేశాం. పని పెరుగుతుంది, గుడ్డ కొంచెం పోతుంది. కానీ 42 అంగుళాల పన్నాలో 3⅞ చదరాలైనా 4 అంగుళాలవైనా వరసకి పదే వస్తాయి కాబట్టి కొనాల్సిన గుడ్డ మారదు. చేనేతతో కుట్టేవాళ్లకి నా గట్టి మాట: ప్యాటర్న్‌లో ⅞ కనిపిస్తే దాన్ని పూర్తి అంగుళం చేసేయండి.

ఇస్త్రీ దగ్గర ఇంకో చిక్కు. ఏటవాలు కోత సాగుతుంది. పెట్టెని చొక్కా మీద లాగినట్టు లాగితే చదరం కాస్తా పతంగి ఆకారం అవుతుంది. పెట్టాలి, ఎత్తాలి, పక్కన పెట్టాలి. ఆవిరి వద్దు.

మధ్యాహ్నం అందరూ ఒకేసారి త్రిభుజాల దశకి రావడంతో కరెంటు పదే పదే ట్రిప్ అయింది. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి రెండు ఇస్త్రీ పెట్టెలు పెట్టారు. 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర మోసేది సుమారు 1,380 వాట్లు. 1,000 వాట్ల పెట్టెలు రెండు అంటే కుదరదు. ఒకదాన్ని వంటింట్లోని 16 ఆంపియర్ల సాకెట్‌కి మార్చాక సమస్య రాలేదు. ఇలాంటి వర్క్‌షాప్ పెట్టేవాళ్లు మిషన్ల కన్నా ముందు ఇస్త్రీ పెట్టెల లెక్క వేసుకోవాలి.

త్రిభుజాలు పేర్చేటప్పుడు నాలుగూ ఒకే దిక్కుకి తిరగాలి. ఒక బ్లాకు కుడికి, ఇంకో బ్లాకు ఎడమకి తిరిగితే విడిగా రెండూ బాగానే ఉంటాయి, పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. మొదటి బ్లాకు ఫోన్లో ఫొటో తీసి మిషన్ పక్కన పెట్టుకోవడం మా అందరికీ అలవాటైంది.

ఇప్పటి లెక్క: నక్షత్రాలు 15/15, అన్నీ 9½కి చెక్కినవి. ఖాళీ చదరాలు 15/15. ఎర్ర గుడ్డ వాడకం అర మీటరుకి కొంచెం పైన, హాఫ్‌వైట్ ముప్పావు మీటరు దాటింది.

దశ 5: వరసలు, బోర్డరు

వరసలో కుట్లని ఒక వరస కుడికి, తర్వాతి వరస ఎడమకి పడుకోబెడితే కూడళ్ల దగ్గర రెండు మడతలూ ఒకదానికొకటి ఆని నిలుస్తాయి. ఇది చక్కగా పనిచేసింది.

బోర్డరు పొడవుని పక్క అంచు కొలిచి కోయకూడదు, మధ్యలో కొలవాలి. అంచులు సాగి ఉంటాయి. నా దాంట్లో మధ్యలో 54½ ఉంటే ఒక అంచు 54⅞ ఉంది. 54½కే పట్టీ కోసి, మధ్య నుంచి రెండు వైపులకీ పిన్నులు పెట్టి ఆ తేడాని సర్దేశాను.

పై గుడ్డ: 51½ × 60½. కుట్టు పోను 51 × 60.

దశ 6: మూడు పొరలు

ఎక్కువ సమయం తిన్నది ఇదే. నేర్చుకున్నది కూడా ఇక్కడే ఎక్కువ.

అడుగు గుడ్డ పై గుడ్డ కన్నా ప్రతి వైపూ 4 అంగుళాలు పెద్దదిగా, 59 × 68 ఉండాలి. చీర పన్నా 45 అంగుళాలు. 59 అంగుళాల ముక్కలు రెండు పక్కపక్కన కుడితే సరిపోతుంది. పాత చీర కొత్తగా కుదించుకునేది ఏమీ ఉండదు, మెత్తగా ఉంటుంది. నేల తుడిచి, చీర పరిచి, చుట్టూ మాస్కింగ్ టేపు వేశాం. దాని మీద ఫ్లానెల్, ఆ పైన నక్షత్రాలు. బెత్తెడు దూరానికొకటి చొప్పున పిన్నీసులు, 190కి అటూ ఇటూగా.

మిషన్‌కి వాకింగ్ ఫుట్ బిగించి, మధ్య నుంచి మొదలుపెట్టి బ్లాకుల గీతల వెంట కుట్టాను. మామూలు ఫుట్‌తో కింది పళ్లు అడుగు గుడ్డని మాత్రమే లాగుతాయి, పై పొర వెనకబడుతుంది. వాకింగ్ ఫుట్‌లో పైన కూడా పళ్లు ఉంటాయి. రెండో దిక్కు గీతలు మొదలయ్యాక తిప్పి చూస్తే చీర వైపు ప్రతి కూడలి దగ్గరా చిన్న మడత. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, ఫుట్ సరిగ్గానే బిగించి ఉంది. కారణం చీరే. సన్నని నూలు, ఏళ్ల తరబడి ఉతికినది. టేపు వేసినప్పుడు బిగువుగానే కనిపించి, పిన్నీసుల మధ్య వదులైపోయింది. పైగా పిన్నీసు గుచ్చిన చోట పోగులు పక్కకి జరిగి చిల్లులు కనిపించాయి.

హిందూపురం నుంచి వచ్చిన పెద్దమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది. ఊళ్లో ఇంటి నిండా బొంతలు కుట్టిన మనిషి.

"అన్ని పిన్నీసులెందుకు పాపా? దారంతో కచ్చా కుట్టు వేసుకో. చీరని పిన్నీసు మోయలేదు" అంది.

"దారమైతే నిలుస్తుందా పెద్దమ్మా?"

"మూరెడు మూరెడు పోనీ. గట్టిగా లాగొద్దు. అయిపోయినాక పెరికేస్తాం గదా."

రెండో దిక్కు కుట్లన్నీ విప్పి, మొదటి దిక్కువి ఉంచి, పిన్నీసులు తీసేసి మూడు నాలుగు అంగుళాల దూరంలో పొడుగు కచ్చా కుట్లు వేశాను. ప్రతి వరసకీ అరచేత్తో మధ్య నుంచి బయటికి నిమురుతూ. చీర మళ్లీ జరగలేదు.

పెద్దమ్మ బొంతని అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ వస్తుంది. టీచర్ మధ్య నుంచి బయటికి వెళ్లమంటారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలని బ్యాచ్‌లో కాసేపు వాదన నడిచింది. నా ఉద్దేశంలో రెండూ సరైనవే, పని వేరు. బొంత నేల మీద కదలకుండా పరిచి ఉంటుంది, చెయ్యే దాని మీద తిరుగుతుంది. అంచు ముందే మడిచి కుట్టేస్తారు కాబట్టి సైజు అక్కడే ఖాయమవుతుంది, వేరే పట్టీ అవసరం లేదు. మిషన్ కింద గుడ్డే కదులుతుంది. ముందుకు నెట్టిన వదులు ఎక్కడికో ఒకచోటికి పోవాలి, అంచు తెరిచి ఉంటేనే పోతుంది. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ తెగ మహిళలు కుట్టే కవుదులూ (అక్కడి బొంతలు) అంతే, పాత బట్టల ముక్కల్ని చేత్తో అంచు నుంచి చుట్టూ తిరుగుతూ మధ్యకి కుట్టుకొస్తారు. చివరికి నాలుగు మూలల్లో మడిచిన గుడ్డ పువ్వులు పెడతారు. దూది పొర ఉండదు, గుడ్డ మీద గుడ్డే. మన బొంతకి ఎంత దగ్గర!

ఆ చర్చ తర్వాత నా ప్లాన్ మార్చుకున్నాను. బ్లాకుల గీతల వెంట మాత్రం మిషన్ కుట్టు. నక్షత్రాల లోపల చేతి కుట్టు, 8 నంబరు పెర్ల్ కాటన్ దారంతో, అంగుళానికి అయిదారు కుట్లు. ముడి బయటికి కనిపించకుండా దారాన్ని పై పొరలోంచి చిన్నగా లాగితే ముడి లోపలికి దూరుతుంది. చీర పలచగా ఉండటం ఇక్కడ లాభమే అయింది. సూది తేలిగ్గా దిగింది, వేలికి తొడుగు పెట్టుకోకపోయినా గడిచింది.

ఇప్పటి లెక్క: మిషన్ గీతలు పూర్తి. చేతి కుట్టు నక్షత్రాలు 6/15. మిగతా 9 ఇంటికి తెచ్చి పూర్తి చేశాను.

దశ 7: అంచు పట్టీ, ఉతుకు

కుట్టు గుడ్డని దగ్గరికి లాగుతుంది. 51 × 60 అనుకున్నది కుట్లన్నీ అయ్యాక చుట్టూ చెక్కితే 50½ × 59¼. చుట్టుకొలత 219½ అంగుళాలు. 2½ అంగుళాల వెడల్పు పట్టీలు 6 కోసి, ఏటవాలుగా జోడించాను. నిటారుగా జోడిస్తే ఆ చోట గుబ్బలా తేలుతుంది. పట్టీని పొడవునా సగానికి మడిచి, ముందు వైపు మిషన్‌తో, వెనక వైపు చేత్తో కుట్టాను.

మూల దగ్గర:

1. అంచుకి పావు అంగుళం ముందే ఆపాలి.
2. పట్టీని పైకి మడవాలి, మళ్లీ కిందికి, మడత అంచుతో సమంగా.
3. ఆ మడత పైనుంచి కొత్త వైపు మొదలుపెట్టాలి.

మొదటి మూల గుండ్రంగా వచ్చింది, ఎందుకంటే పావు అంగుళం దగ్గర కాకుండా చివరిదాకా కుట్టు వెళ్లింది. పిన్ను పెట్టి ఆపాల్సిన చోటు గుర్తు పెట్టుకున్నాక మిగతా మూడూ పదునుగా వచ్చాయి.

చల్లని నీళ్లలో గంజి పోయేలా ఉతికి, నేల మీద పరిచి ఆరబెట్టాను. తడి క్విల్ట్‌ని దండెం మీద వేస్తే బరువుకి చేతి కుట్లు సాగుతాయి. హాఫ్‌వైట్ మీద గులాబీ మరక ఎక్కడా లేదు. ఆరాక 50 × 58¾.

ఇదే క్విల్ట్ చేనేతతో కుట్టేవాళ్లు కొనాల్సిన పొడవులు, 44 అంగుళాల పన్నాకి: కలంకారీ 1¼ మీటర్లు, ఎరుపు ¾, హాఫ్‌వైట్ 1, నీలం 1¼. ఫ్లానెల్ పన్నాని బట్టి జోడించుకోవాలి, అదీ ముందే తడపాలి. అడుగుకి చీర లేకపోతే 3¼ మీటర్లు.